పాపను చూసుకునే ఆవిడతో పెళ్లి ప్రస్తావన తేవచ్చా?

చదివే మిగతావాళ్లకు కూడా విషయం తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీకు 38 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటారు. మీ భార్య పోయి మూడేళ్లు దాటింది. పాపకు ఆరో ఏడు నడుస్తోంది. సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకావిడ రెండేళ్లుగా మీ ఇంట్లోనే ఉండి పాపను చూసుకుంటోంది. ఆవిడకు 32. భర్త వదిలేసి వెళ్లాడు. ఊళ్లో పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద విడిపోయినట్టు తెంపులు రాసుకున్నారు. ఒక కొడుకున్నాడు, ఆవిడ తల్లి దగ్గర పెరుగుతున్నాడు. ఆవిడంటే మీకు ఇష్టం కలిగింది. ఆవిడకూ ఉందని మీకు అనిపిస్తోంది. గుంటూరులో ఉన్న మీ అత్తమామలు సంగతి పసిగట్టి, పాపను మా దగ్గరికి పంపించెయ్యండి అంటున్నారు. అడగనా వద్దా, అడిగితే ఎలా అడగాలి అన్నది మీ ప్రశ్న.

నేను కుటుంబ తగాదాల్లో కౌన్సెలింగ్ చేస్తాను. ఫ్యామిలీ కోర్టు దాకా వచ్చిన జంటలతో, రాబోయి ఆగిన జంటలతో చాలా ఏళ్లుగా కూర్చుని మాట్లాడుతున్నాను. మీలాంటి పరిస్థితి నాకు కొత్త కాదు. అందుకే సూటిగా చెబుతున్నాను. అడగండి. భార్య పోయిన మగవాడు, భర్త వదిలేసిన ఆడది ఒకరినొకరు ఇష్టపడటంలో తలదించుకోవాల్సింది ఏమీ లేదు. కానీ ఆవిడ మీ ఇంట్లో పడుకుంటూ, మీరిచ్చే జీతంతో కొడుకుని పోషించుకుంటున్నంత కాలం అడగకండి.

ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. మీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపేసింది. "నేను ఏం చెప్పినా కాదనదు, అంత మంచి మనిషి" అని రాశారు. ఆవిడ మంచితనం గురించి నాకు సందేహం లేదు. కానీ ఆవిడ కాదని అంటే ఏమవుతుందో ఒకసారి ఆవిడ వైపు నుంచి ఆలోచించండి. ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటే ఉండే చోటు పోతుంది, తిండి పోతుంది, నెలనెలా ఊరికి పంపే డబ్బు ఆగిపోతుంది, రెండేళ్లుగా ఒళ్లో పెట్టుకుని పెంచిన పిల్ల కళ్లెదుట లేకుండా పోతుంది. ఇవన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. ఇన్ని పోగొట్టుకోవాల్సి వచ్చే మనిషి ఇచ్చే "సరే"ని మీరు ప్రేమ అనుకుంటారు. కొన్నాళ్లకు మీకే అనుమానం వస్తుంది, నన్ను ఇష్టపడి ఒప్పుకుందా, గతిలేక ఒప్పుకుందా అని. ఆవిడకూ తెలియకపోవచ్చు.

గుంటూరు వైపు ఒక జంట ఇలాగే నా దగ్గరికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. తాగుడు లేదు, చెయ్యెత్తడు. పెళ్లయ్యాక ఆవిడ ఆయనతో మనసు విప్పి మాట్లాడటం మానేసింది, అదే ఆయన బాధ. విడిగా కూర్చోబెట్టి అడిగితే చెప్పింది, ఆయన రాత్రి భోజనాలయ్యాక అడిగాడట. కాదంటే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియక తలూపిందట. ఆ ముడి విప్పడానికి మాకు చాలా కాలం పట్టింది. ఆయన ఆ మాట వింటే కుప్పకూలిపోతాడని ఆవిడ భయం. చివరికి ఆవిడే చెప్పింది, ఆయన విన్నాడు, ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ కష్టం మీకు రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, కాదని అంటే ఆవిడకు ఏమీ పోకుండా చూడటం. ఇది మాటలతో అయ్యేది కాదు. "నువ్వేం చెప్పినా నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అని యజమాని అంటే నమ్మేవాళ్లు ఎవరు? ఏర్పాట్లు చేసి చూపించాలి. ఆవిడ పనిని ఇరవై నాలుగు గంటల పని నుంచి పగటి పనికి మార్చండి. ఉదయం వచ్చి, పాప అన్నం తిన్నాక సాయంత్రం వెళ్లిపోవాలి. లబ్బీపేట, బెంజ్ సర్కిల్ వైపు ఆడవాళ్ల హాస్టళ్లు చాలా ఉన్నాయి. లేదా పటమటలోనే చిన్న వాటా దొరుకుతుంది. ఆ అద్దె మీరు కట్టకండి. దానికి సరిపడా జీతం పెంచి ఆవిడ బ్యాంకు ఖాతాలో వేయండి. మీరు కడితే అది మీ దయ అవుతుంది, జీతంలో వస్తే ఆవిడ హక్కు అవుతుంది. ఎన్నాళ్లు పనిచేసింది, ఎంత బాగా చేసింది అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ముందే ఇవ్వండి, రేపు ఇంకో ఇంట్లో పనికి వెళ్లాలంటే చేతిలో ఉండాలి. కనీసం మూడు నెలల జీతం ఆవిడ పేరున పక్కన పడి ఉండేలా చూడండి. దాన్ని వెనక్కి అడగనని ఆ కాగితంలోనే రాయండి.

రాత్రిళ్లు పాపను ఎవరు చూస్తారని అడుగుతారు. మీరే చూడాలి. ఇది కూడా ముఖ్యమే. పాప రాత్రి లేచి ఏడిస్తే ఇన్నాళ్లూ ఆవిడ లేచింది. కొన్ని నెలలు మీరు లేచి చూడండి. జ్వరం వచ్చినప్పుడు తడిగుడ్డ వేయడం, స్కూలుకి జడలు వేయడం, అన్నం తిననని మారాం చేస్తే ఓపిక పట్టడం మీ చేతుల మీదుగా జరగాలి. అప్పుడు మీకే ఒక విషయం తేలుతుంది. మీకు కావాల్సింది ఆవిడా, ఆవిడ చేసే పనా? ఇల్లు మళ్లీ ఇల్లులా ఉందన్న ఊరట చాలామంది మగవాళ్లకు ప్రేమలాగే అనిపిస్తుంది. అందులో మోసం లేదు. భార్య పోయిన ఇంట్లో మళ్లీ పోపు వాసన వస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. కానీ ఆ ఊరట మీద కట్టిన పెళ్లిలో ఆవిడ పనిమనిషిగానే మిగిలిపోతుంది.

ఇంకో పరీక్ష ఉంది. పాప సంగతి, ఇంటి సరుకుల సంగతి పక్కన పెడితే ఆవిడ గురించి మీకేం తెలుసు? ఎంతవరకు చదువుకుంది? చిన్నప్పుడు ఏం కావాలనుకుంది? దేనికి భయపడుతుంది? మీ మాటల్లో ఏది నచ్చక మౌనంగా ఉండిపోతుంది? మీ ప్రశ్న రెండు పేజీలు ఉంది. అందులో ఆవిడ మీ పాపను ఎలా చూసుకుంటుందో ఒక పేజీ నిండా రాశారు. ఆవిడ కొడుకు గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. పేరు రాయలేదు, వయసు రాయలేదు. ఆ వాక్యం దగ్గర నాకు మనసు చివుక్కుమంది. మీ బిడ్డకు తల్లి లోటు తెలియకుండా చేయడానికి ఆవిడ తన బిడ్డకు ఆ లోటు పెట్టి వచ్చింది. జీతం కోసమే కావచ్చు, కానీ రోజూ మీ పాపకు ముద్దలు కలుపుతూ ఆవిడ ఎవరిని తలుచుకుంటుందో మీరు అడిగి ఉండాలి. ఇప్పుడైనా అడగండి. పెళ్లి మాట కంటే ముందు ఆ మాట అడగండి.

ఆ అబ్బాయిని మీతో తెచ్చుకోవడానికి మీరు సిద్ధంగా లేకపోతే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయడం న్యాయం. అమ్మమ్మ దగ్గర బాగానే ఉన్నాడుగా అని మీ వాళ్లు అంటారు. తన తల్లి వేరే ఊళ్లో వేరే పిల్లకు తల్లి అయిందని, తనను మాత్రం పండక్కి చూడ్డానికి వస్తుందని తెలిసిన పిల్లవాడు బాగుండడు. పెళ్లయ్యాక ఆవిడ జీతం ఆగిపోతుంది, మీరు ఈ సంగతి ఆలోచించారా? అదే వంట, అదే పిల్ల, అదే ఇల్లు, కానీ చేతికి రూపాయి రాదు. ఊరికి పంపే డబ్బు కోసం మీ ముందు చెయ్యి చాచాలి. కాబట్టి పెళ్లి మాట వచ్చినప్పుడే డబ్బు మాట కూడా రావాలి. ఆవిడ ఖాతాలో నెలకు ఇంత పడుతుంది, తల్లికి పంపుకుంటుందో దాచుకుంటుందో ఆవిడ ఇష్టం. ఇంటిపనికి వేరే మనిషిని పెట్టుకోవాలి. ఆవిడ చదువు కొనసాగించాలనుకున్నా, ఏదైనా పని నేర్చుకోవాలనుకున్నా దారి ఉండాలి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ మీరు చాలా తేలిగ్గా తీసుకున్నారు. "వాళ్లకు తెంపులైపోయాయి" అని రాశారు. మీరిద్దరూ హిందువులే కాబట్టి మీకు వర్తించేది 1955 నాటి హిందూ వివాహ చట్టం. పెద్దమనుషుల ముందు రాసుకున్న స్టాంపు కాగితం కోర్టు ఇచ్చే విడాకుల డిక్రీ కాదు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడిపోవడాన్ని ఆ చట్టంలోని 29వ సెక్షన్ కాదనదు, నిజమే. కానీ అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. అది అంత తేలిక కాదు. దాన్ని నమ్ముకుని పెళ్లి చేసుకుంటే, ఎప్పుడో ఆ మొదటి భర్త తిరిగొచ్చి కేసు వేస్తే మీ పెళ్లి చెల్లదని తేలే ప్రమాదం ఉంది. భర్త బతికుండగా విడాకులు లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ నేరం పడేది ఆవిడ నెత్తిన. మీ పింఛను, బీమా, ఇంటి వాటా విషయంలో ఆవిడ భార్య కాకుండా పోతుంది. మీ ఇద్దరికీ పిల్లలు పుడితే వాళ్లకు హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ కింద సక్రమ సంతానమన్న రక్షణ ఉంటుంది, ఆవిడకు ఉండదు.

సరైన దారి ఉంది. ఆ భర్త ఆచూకీ తెలిసి, వచ్చి సంతకం పెట్టడానికి ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో అదే చట్టంలోని 13బి సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. ఏడాదికి పైగా విడిగా ఉండి ఉండాలి, వాళ్లు ఎప్పటి నుంచో విడిగానే ఉన్నారు. మామూలుగా ఆరు నెలలు ఆగాలి, అయితే తగిన పరిస్థితుల్లో ఆ గడువును కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అతను రాకపోతే, రెండేళ్లకు పైగా వదిలేసి వెళ్లిన కారణంతో ఆవిడ ఒక్కతే విడాకులు కోరవచ్చు. చిరునామా దొరకకపోతే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన వేయించే పద్ధతి ఉంది. భార్య తను ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు కాబట్టి సత్తెనపల్లి తిరగాల్సిన పని లేదు, విజయవాడలోనే వేయవచ్చు. కొడుకు ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా అదే సమయంలో రాతపూర్వకంగా తేల్చుకోమనండి.

లాయర్ ఖర్చు నేను పెడతాను అని మీరు ముందుకొస్తారని తెలుసు. వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మీ డబ్బుతో విడాకులు తెచ్చుకుంటే ఆ తర్వాత మిమ్మల్ని చేసుకోను అనడానికి ఆవిడకు నోరు రాదు. ఆ విడాకులు ఆవిడ జీవితానికి కావాల్సినవి, మీ కోసం కాదు. మీరు చేయాల్సిందల్లా ఈ సమాచారం ఇచ్చి, కోర్టు వాయిదాలకు సెలవు ఇవ్వడం, ఆ రోజుల జీతం కొయ్యకపోవడం.

ఇంకో రెండు విషయాలు మీకు కటువుగా అనిపించినా చెప్పాలి. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం మీ ఇల్లు ఆవిడకు పని ప్రదేశం. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. రెండోది, పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట ఇచ్చి శారీరకంగా దగ్గరవడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో 69వ సెక్షన్ కింద నేరం. మీకు అలాంటి ఉద్దేశం లేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అయినా ఒకే ఇంట్లో ఉంటూ, విడాకులు తేలకుండా, మీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియకుండా దగ్గరైతే, రేపు మీరు వెనక్కి తగ్గాల్సి వస్తే నష్టపోయేది ఆవిడే. అందుకే ఆవిడ బయట ఉండటం ఇద్దరికీ మంచిది. అపార్ట్‌మెంట్‌లో నోళ్లు మూయించడానికి చెప్పడం లేదు. లోకం ఎలాగూ అంటుంది, దాని గురించి మీరు అంత టెన్షన్ పడకండి.

ఇవన్నీ కుదిరాక అడగండి. పగటిపూట, నలుగురూ తిరిగే చోట, పాప లేనప్పుడు. చీరలూ బంగారమూ వద్దు. ఆవిడ మిమ్మల్ని ఇంకా సార్ అనే పిలుస్తోందని రాశారు కదా, ఆ పిలుపు వెనక ఉన్న దూరాన్ని మీరే గుర్తుపెట్టుకుని మాట్లాడాలి. మీకు ఆవిడంటే ఇష్టమని, పెళ్లి ఆలోచన ఉందని, ఆవిడ కొడుకు గురించి ఏమనుకున్నారో, డబ్బు గురించి ఏమనుకున్నారో చెప్పండి. జవాబు అప్పటికప్పుడు అడగకండి. మీ ముఖం చూసి చెప్పలేకపోతే మీ అక్కగారితో చెప్పమనండి, ఆవిడకు మీ అక్కగారంటే చనువు ఉందని రాశారు. ఒప్పుకుంటే ఆ తర్వాత మీరు, మీ పెద్దవాళ్లు ఆవిడ తల్లి ఇంటికి వెళ్లి పద్ధతిగా అడగాలి. మీ అమ్మగారు కులం మాట ఎత్తారని రాశారు. ఆ పోరు మీరు పడాలి, ఆవిడను ముందు పెట్టకండి. గుమ్మంలో అడుగుపెట్టాక ఎత్తిపొడుపులు వినాల్సింది ఆవిడే కాబట్టి ముందే తేల్చండి. అమ్మగారు ఒప్పుకోకపోతే కొన్నాళ్లు వేరే కాపురం పెట్టాల్సి రావచ్చు.

ఇక మీ అత్తమామలు. వాళ్లను శత్రువుల్లా చూడకండి, కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లు. పాపను తీసుకెళ్లిపోతారన్న మీ భయానికి చట్టం ప్రకారం పెద్ద ఆధారం లేదు. తండ్రిగా మీరు పాపకు సహజ సంరక్షకులు, మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. కోర్టుకు వెళ్తే చూసేది పాప క్షేమం. కానీ వాళ్లు కోర్టుకు వెళ్లేది చట్టం తెలియక కాదు, వేరేవాళ్ల నోటి నుంచి వినాల్సి వచ్చిందన్న బాధతో. మీరే గుంటూరు బ్రాడీపేటలో వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల ఎదురుగా కూర్చుని చెప్పండి. మీ భార్య బంగారం ఎంత ఉందో జాబితా రాసి, అది పాపదేనని సంతకం చేసి, లాకర్‌లో పెట్టి ఒక కాపీ వాళ్లకు ఇవ్వండి. ఆ ఒక్క పని చాలా తగాదాలను ఆపడం నేను చూశాను. మీ భార్య పేరున ఉన్న స్థలం సంగతి కూడా ఆ కాగితంలో ఉండాలి. ఆబ్దికం మానకండి. హాల్లో ఉన్న ఆమె ఫోటో తీసేయకండి. కొత్తగా వచ్చే ఆవిడ కూడా అలాంటివాటికి అడ్డుపడే మనిషి కాదని మీ రాతను బట్టే తెలుస్తోంది. పాప నెలకు రెండుసార్లు గుంటూరు వెళ్లే అలవాటు అలాగే సాగనివ్వండి.

పాప ఈ మధ్య ఆవిడను అమ్మా అని పిలుస్తోందని, ఆవిడ కంగారుపడి వద్దని సర్దిచెబుతోందని రాశారు. పిలవమని చెప్పకండి, వద్దనీ చెప్పకండి. కన్నతల్లి గురించి మీరు తరచూ మాట్లాడుతూ ఉంటే పాప తనంతట తానే సర్దుకుంటుంది. పెళ్లి సంగతి మాత్రం అన్నీ ఖాయమయ్యాకే పాపకు చెప్పండి. మధ్యలో ఆగిపోతే ఆ వయసులో రెండోసారి తల్లిని పోగొట్టుకున్నట్టు అవుతుంది. పగటి పనికి మార్చేటప్పుడు కూడా ఒక్కసారిగా వద్దు. మొదట వారంలో రెండు రాత్రులు, తర్వాత నాలుగు, అలా వెళ్లండి. పొద్దున్నే మళ్లీ వస్తుందని పాపకు నమ్మకం కుదరాలి. పెళ్లయ్యాక సవతి తల్లికి చట్టంలో సంరక్షకురాలి హోదా దానంతట అది రాదు. మీకేమైనా అయితే పాప బాధ్యత ఆవిడ చూడాలని మీరు కోరుకుంటే వీలునామాలో రాయవచ్చు, తండ్రికి ఆ హక్కు ఉంది. పెళ్లిని గుళ్లో చేసుకున్నా సరే, రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరిగా చేయించండి. పీఎఫ్, బీమా నామినేషన్లు ఆ వారంలోనే సరిచేయండి. పాప పేరు, ఆవిడ పేరు రెండూ ఉండాలి.

ఆవిడ కాదని చెబితే? అప్పుడు ఆ మాట అక్కడితో ముగిసిపోవాలి. మళ్లీ అడగకూడదు, అలగకూడదు, మనిషిని పెట్టి చెప్పించకూడదు. పనిలో కొనసాగుతుందా మానేస్తుందా అన్నది ఆవిడ ఇష్టం. మానేస్తే పాపకు చెప్పి, వీడ్కోలు చెప్పుకోనిచ్చి, కొన్ని వారాల పాటు అప్పుడప్పుడు చూసిపొమ్మని అడగండి.

అవునంటే, ముందుగా అబ్బాయిని వేసవి సెలవులకు పిలవండి. కొన్ని రోజులు పాపతో ఆడుకోనివ్వండి, ఇద్దరూ పోట్లాడుకుంటే వెంటనే పాప పక్షం వహించకండి. అతనికి ఇక్కడ నచ్చితే, జూన్‌లో బడులు తెరిచేలోపు టీసీ, ఆధార్ కాగితాలు తెప్పించి పటమటలో మీ పాప చదివే స్కూల్లోనే సీటు సంగతి కనుక్కోండి.